కడిగితే పోయిన ఎరుపు

మా ఇంట్లో ఎర్రమరక ఎవరికీ వింత కాదు. పెడన పక్కన ఒక చిన్న ఊళ్లో మాది కలంకారీ అద్దకం చేసే ఇల్లు. నాన్న గోళ్ల కింద ఎరుపు, అమ్మ కుచ్చిళ్ల మీద ఎరుపు, వంటింటి గుమ్మానికి ఎవరో చెయ్యి ఆనించిన చోట ఐదు వేళ్ల ఎరుపు. మా నాయనమ్మ తెల్లజుట్టులో కూడా ఒక పాయ ఎప్పుడూ గులాబీ రంగులోనే ఉండేది. రంగు చేత్తో ముడి సవరించుకోవడం ఆవిడకి అలవాటు. అలాంటి ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల లంగా మీద ఎర్రమరక పడితే ఎవరు చూస్తారు? రెండు నెలలు ఎవరూ చూడలేదు. నేనూ చెప్పలేదు.

తొంభైల చివరి సంవత్సరాలవి. నేను బడికి వెళ్లిన పిల్లను కాను. ఇంటర్మీడియెట్ చదివిన మా అమ్మ, అద్దకపు బల్లకి ఆ చివర తను నిలబడి, ఈ చివర నన్ను నిలబెట్టి, అచ్చుకీ అచ్చుకీ మధ్య ఎక్కాలూ పద్యాలూ ఇంగ్లీషు స్పెల్లింగులూ చెప్పేది. రంగు పాడైన గుడ్డముక్కే నా పలక. దానివల్ల నాకొక మేలు జరిగింది. రోజుకి ఎనిమిది తొమ్మిదిసార్లు దొడ్లోకి పరిగెత్తాల్సి వచ్చినా, చెయ్యెత్తి టీచర్ని అడగాల్సిన పని లేకపోయింది. ఇంటి చదువు లాభాల్లో దీన్ని ఎవరూ రాయరు గానీ, నేను మాత్రం దేవుడికి అప్పుడే దణ్ణం పెట్టుకున్నాను.

ముందుగా కనిపెట్టింది నాయనమ్మ, అదీ సగమే.

"ఏమే, దొడ్లో ఏమైనా లంకెబిందెలు దొరికాయా? పొద్దుట్నుంచి ఇది ఆరోసారి."

"కడుపు బాగాలేదు నాయనమ్మా."

"అంతేనా! దానికేం, మనింట్లో మందు బస్తాల్లో ఉంది."

నిజంగానే బస్తాల్లో ఉండేది. అద్దకానికి ముందు గుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెడతాం. అప్పుడే రంగు నిలుస్తుంది. గుడ్డకి అంత మేలు చేసేది మనిషికి ఎందుకు చెయ్యదని మా నాయనమ్మ వాదన. దగ్గుకి కరక్కాయ, తలనొప్పికి కరక్కాయ, అల్లుడు అలిగినా కరక్కాయే అని నాన్న ఏడిపించేవాడు. అది విరేచనానికి వాడేదని ఆవిడకి తెలియక కాదు. "లోపలున్న చెడంతా ఒక్కసారి ఊడ్చుకుపోతే సుఖపడతావే" అని వేణ్నీళ్లలో చెంచాడు కలిపి తాగించింది. ఊడ్చుకుపోయింది. చెడుతో పాటు నాలో ఉన్న కాస్త మంచీ పోయినట్టయింది. సాయంత్రానికి దొడ్డి తలుపు దగ్గరే పీట వేసుకుని కూర్చున్నాను. నాయనమ్మ మాత్రం "చూశావా, పనిచేస్తోంది" అని సంతోషించింది.

అసలు సంగతి బయటపెట్టింది కాలవ. మా ఎరుపు కడిగితే పోదు. అదే మా అన్నం. పారే నీళ్లలో ఎంత జాడించినా, ఎండలో ఎంత ఆరబెట్టినా గుడ్డని అంటిపెట్టుకునే ఉంటుంది. ఒకరోజు రేవులో అమ్మ నా లంగా జాడిస్తుంటే మరక గుడ్డని వదిలి, పొగలా నీళ్లలో కరిగి కొట్టుకుపోయింది. అమ్మ లంగాని వెలుతురుకి ఎత్తి చూసి, నా వైపు తిరిగింది.

"ఇది మన ఎరుపు కాదే."

నేను లంగా లాక్కోబోయాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"దసరా ముందు నుంచి."

"మరి నోట్లో బెల్లం పెట్టుకున్నావా? నాకెందుకు చెప్పలేదు?"

చెప్పకపోవడానికి కారణం అడ్డుతెర. నాయనమ్మ పుట్టిల్లు దివిసీమలో, సముద్రానికి దగ్గరి ఊరు. అక్కడి రామాలయంలో శ్రీరామనవమి కల్యాణానికి సీతమ్మకీ రాముడికీ మధ్య పట్టే తెర ఏటా మా ఇంటి నుంచే వెళ్తుంది. దాన్ని ఇంట్లో పెళ్లికాని పిల్లే అద్దాలి. ఇదివరకు మా అత్త అద్దేది. ఆవిడకి పెళ్లయ్యాక కొన్నేళ్లు నాయనమ్మే, వణికే చేత్తో, "పిల్ల ఎదిగేదాకా సర్దుకో స్వామీ" అని మొక్కుకుంటూ అద్దింది. పదిహేనో ఏడు వచ్చాక వచ్చే నవమి తెర నాదే అన్నారు. నాలుగేళ్ల వయసు నుంచి నేను ఎదురుచూసిన మాట అది. కానీ తెరకి నాయనమ్మ నియమాలు గట్టివి. గుడ్డ తడిపిన రోజు నుంచి ఉడికించి ఆరేసే రోజు దాకా ఒంటిపూట భోజనం, దొడ్డికి వెళ్లొస్తే స్నానం. అన్నిటికంటే ముఖ్యం, ఒంట్లో నలతగా ఉన్న మనిషి అచ్చు పట్టకూడదు. నేను నోరు విప్పితే తెర పోతుంది. అందుకే విప్పలేదు.

అమ్మ మాత్రం ఆ మధ్యాహ్నమే నన్ను బందరు తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు జిగట విరేచనాలకి మందిచ్చారు. పది రోజులైనా తగ్గకపోయేసరికి, గుడివాడకి వారానికోసారి బెజవాడ నుంచి వచ్చే పెద్ద డాక్టరుకి చీటీ రాసిచ్చారు.

గుడివాడకి బస్సులో అంటే మధ్యలో ఎన్నిసార్లు ఆపమనాలో అనుకున్నాను. నాన్న ఏమీ అడగకుండానే "రైలెక్కుదాం" అన్నాడు. పాసింజరు పెడన స్టేషన్లో ఆగగానే నన్నూ అమ్మనీ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి, ఒక పెట్టె ఎక్కి, దొడ్డి తలుపు లాగి చూసి దిగాడు, ఇంకోటి ఎక్కి దిగాడు. మూడోదాని తలుపులోంచి తల బయటపెట్టి "ఇక్కడ! ఇక్కడ గడియ పడుతోంది!" అని అరిచాడు. పెళ్లివారికి విడిది చూసినవాడిలా ఉంది ఆయన ముఖం. గుడ్లవల్లేరు వచ్చేలోపే ఆ గడియ రెండుసార్లు ఉపయోగపడింది.

డాక్టరు చేసిన పరీక్ష గురించి ఎక్కువ రాయను. గొట్టం పెట్టి చూశారు. నేను కళ్లు మూసుకుని రామనామం అనుకుంటూ ఉన్నాను. మధ్యలో నొప్పికి నామం కాస్త గట్టిగానే బయటికి వచ్చింది. నర్సమ్మ కూడా నాతో పాటు అనడం మొదలుపెట్టింది. ఆవిడెవరో, ఎక్కడుందో తెలియదు. ఇప్పటికీ ఆవిడని తలుచుకుంటాను.

తరువాత డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "పెద్దపేగు లోపలి పొర పుండు పడిందండీ. దీన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. అమ్మాయి ఏదో తినడం వల్ల వచ్చింది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. మందులతో అణిగి ఉంటుంది. బాగున్నట్టు అనిపించినా మాత్రలు మానకూడదు. అది ముఖ్యం."

"ఎన్నాళ్లు వాడాలండీ?" అన్నాడు నాన్న.

"వాడుకుంటూ వెళ్లడమేనండీ. బీపీకి వాడట్లేదా, అలాగే."

నాన్న చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అడగాల్సింది ఒక్కటే ఉంది.

"అచ్చు వేయొచ్చాండీ?"

"ఏం అచ్చమ్మా?"

నాన్న అద్దకం గురించి, తెర గురించి, కరక్కాయ చెంచాతో సహా మొత్తం చెప్పేశాడు. డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయారు. "అచ్చులు నిక్షేపంగా వేసుకో తల్లీ. కరక్కాయ మాత్రం ఇక నుంచి గుడ్డకే వాడండి."

ఆ మాట నాన్న ఇంటికొచ్చి నాయనమ్మకి చెప్పాడు. మర్నాడు చూస్తే ఆవిడ వంటింటి పక్కనున్న కరక్కాయ బస్తాలు ఒక్కొక్కటే పాకలోకి ఈడ్చుకెళ్తోంది. నేను సాయం పట్టబోతే "నువ్వు ముట్టుకోకు. దీని మొహం చూడకు" అని కసిరింది. కళ్లు మాత్రం తుడుచుకుంది.

ఆ చలికాలం నాకు నవ్వు తెప్పించే జ్ఞాపకాలే ఎక్కువ. ఒక రకం మాత్రలకి నా ముఖం పూర్ణంబూరెలా పొంగింది. వీధిలో వాళ్లు ఆగి మరీ "పిల్ల ఒళ్లు చేసిందే! ఏం పెడుతున్నారేంటి వదినా?" అని అమ్మని అడిగేవారు. ఇంకో రకం పసుపురంగు పెద్ద మాత్రలు. అవి వేసుకున్న రెండో రోజు దొడ్లోంచి నేను పెట్టిన కేకకి ఇంటిల్లిపాదీ వచ్చారు. మూత్రం నారింజరంగులో పోతోంది! డాక్టరు ముందే చెప్పారట, నాన్న చెప్పడం మరిచిపోయాడు. నాయనమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని "అద్దకం వాళ్ల పిల్ల అనిపించుకున్నావు" అంది. అలా నా జబ్బుకి మా ఇంట్లో మొదటిసారి అందరం కలిసి నవ్వాం. ఊరంతా ఆవకాయ తింటుంటే నేను పెరుగన్నంలో ఉప్పు వేసుకుని తినడం కూడా కష్టమనిపించలేదు. సంక్రాంతి దాటేసరికి ముఖం పొంగించే మాత్రలు డాక్టరు మాన్పించారు. పసుపువి మాత్రం ఉన్నాయి. రక్తం లేదు, పరుగులు లేవు. నలత పోయింది కాబట్టి తెర నాదేనంది నాయనమ్మ.

తప్పు అప్పుడు చేశాను. శివరాత్రికి ఉపవాసం ఉన్నాను, మాత్రలు వేసుకోలేదు. మర్నాడు ఏమీ కాలేదు. ఇంత చల్లగా స్వామి తగ్గిస్తే ఇంకా మాత్రలు మింగడం ఆయన్ని నమ్మకపోవడమే కదా అనిపించింది. పదహారో ఏట భక్తి అలా ఉంటుంది, గుర్రానికి కళ్లెం లేనట్టు. పూటపూటకీ అమ్మ ఇచ్చిన మాత్రలు చేతిలోకి తీసుకుని, పారేయడానికి మనసొప్పక, గుడ్డముక్కలో మూటకట్టి, అచ్చుల పెట్టెలో అడుగున దాచాను. నేను జబ్బుమనిషిని కానని, తెర అద్దడానికి తగినదాన్నేనని నాకు నేను చూపించుకోవాలి. అసలు కారణం అదే.

నవమికి రెండు వారాల ముందు గుడ్డ తడిపాం. ఆరు గజాల తెల్లగుడ్డ పాలూ కరక్కాయా తాగి లేత పసుపురంగులో ఆరింది. ఒంటిపూట మొదలుపెట్టాను. మొదట నల్లగీతలు అద్దాలి. పాత ఇనుము, బెల్లం నెలరోజులు కుండలో నానితే వచ్చే నల్లనీళ్లవి. అచ్చుని రంగులో తాకించి, గుడ్డ మీద పెట్టి, గుప్పిటితో ఒక్క పోటు. అంచున తీగ, తీగ మీద చిలకలు. మొదటి చిలక పడినప్పుడు నాయనమ్మ కళ్లకద్దుకుంది. నాకు ఆకలి కూడా వేయలేదు.

నాలుగో రోజు కడుపులో ఆ పాత నొప్పి మెలితిప్పింది. చిలకల వరుస మధ్యలో అచ్చు వదిలేసి దొడ్లోకి పరిగెత్తాను. చూసుకుంటే ఎరుపు. మన ఎరుపు కాదు.

స్నానం చేసి వచ్చి మళ్లీ అచ్చు పట్టుకున్నాను. రెండు చిలకలు అద్దేసరికి మళ్లీ పరుగు, మళ్లీ స్నానం. మూడు. నాలుగు. ఐదోసారి తడిజుట్టుతో బోరింగు దగ్గర వణుకుతుంటే నాయనమ్మ తువ్వాలు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. రెండో చేతిలో నా మాత్రల మూట. మూలల్లో వేసే పువ్వు అచ్చు కోసం పెట్టె అడుగుదాకా తీసిందట.

"ఇదేంటే?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. శివరాత్రి నుంచి జరిగిందంతా చెప్పాను. దేవుడి మీద నమ్మకంతోనే మానేశానని కూడా చెప్పాను.

"నమ్మకమా!" నాయనమ్మ గొంతు వీధిలోకి వినపడింది. "ఒసేవ్, పటిక అద్దకుండా రామా అని గుడ్డని బానలో పడేస్తే ఎరుపెక్కుతుందా? ఎక్కుతుందా చెప్పు! నీ పని నువ్వు చెయ్యకుండా ఆయన్ని చెయ్యమంటే ఆయనేమన్నా మనింట్లో జీతగాడా?"

"తెర పోతుందని..."

"తెర పోతే ఇంకోటి అద్దుకుంటాం. నువ్వు పోతే?" అని, ఆ మాట అన్నందుకు తన నోటి మీద తనే కొట్టుకుంది. నా తల తుడుస్తూ మళ్లీ మొదలుపెట్టింది. "ఐదు స్నానాలా! మునిగినన్నిసార్లు పుణ్యమైతే మన కాలవలో చేపలన్నీ ఈపాటికి వైకుంఠంలో ఉండేవి. ఎవడు పెట్టాడే ఈ నియమం?"

"నువ్వే కదా నాయనమ్మా."

ఆవిడ తువ్వాలు ఆపింది. "నేనే పెట్టా. నేనే తీసేశా. లోపలికి నడు."

లోపల రాముడి పటం ముందు పెరుగన్నం గిన్నె, దాని పక్కన రెండు పసుపు మాత్రలు పెట్టింది. హారతి ఇచ్చింది. "ఇప్పుడిది ప్రసాదం. ప్రసాదం తింటే ఉపవాసం చెడదు. నోరు తెరు." అప్పటి నుంచి మా ఇంట్లో నా మాత్రలకి ఆ పేరే. ఇవాళ్టికీ దణ్ణం పెట్టుకునే వేసుకుంటాను.

నాన్న ఎస్టీడీ బూత్‌కి వెళ్లి డాక్టరుతో మాట్లాడొచ్చాడు. మర్నాడే ఆయన గుడివాడ వచ్చే రోజు కావడంతో, మళ్లీ గడియ పడే పెట్టె వెతుక్కుని వెళ్లాం. డాక్టరు కోప్పడలేదు. ముఖం పొంగించే మాత్రలు మళ్లీ రాశారు. నాలుగు రోజులు మంచం దిగొద్దన్నారు. సగం అద్దిన తెర బల్ల మీద అలాగే ఉంది. మంచం మీద నుంచి నాకు దాని అంచు మాత్రం కనపడేది. వేరే ఎవరినైనా పట్టమంటారేమో అని ప్రతి అడుగుల చప్పుడికీ తల ఎత్తేదాన్ని. ఎవరూ ముట్టుకోలేదు.

ఐదో రోజు పొద్దున్నే పెరట్లో పెద్ద గోల. చూస్తే నాన్న, పక్కింటి బావ, ఇంకో ఇద్దరు కలిసి అద్దకపు బల్లని మోసుకొచ్చి, మరుగుదొడ్డికి పదడుగుల దూరంలో రేకుల పంచన దింపుతున్నారు. పన్నెండడుగుల బల్ల, దాని మీద మందంగా పరిచిన గోనెలతో సహా.

"ఇక్కడెందుకు మావయ్యా?" అన్నాడు పక్కింటి బావ చెమట తుడుచుకుంటూ.

"ఇక్కడ వెలుతురు బాగుంటుందిరా" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.

ఆ వెలుతురులోనే కూర్చుని, నిలబడి, మధ్యమధ్యలో లేచి వెళ్లి, మూడు రోజుల్లో తెర పూర్తి చేశాను. నేను మొదటిసారి పరుగెత్తిన చోట ఒక చిలక ముక్కు ముందున్న చిలక తోక మీద పడింది. కొత్త గుడ్డ తీసుకుందామా అని భయంగా అడిగాను. నాయనమ్మ కళ్లజోడు పైకెత్తి చూసి, "ఉండనీ. పెళ్లికి తొందరపడి బయల్దేరిన చిలకలే" అంది. పటిక అద్దిన చోట ముందు ఏమీ కనపడదు. కాలవలో జాడించి, ఎర్ర వేర్లు వేసిన రాగి బానలో ఉడికిస్తుంటే, పటిక తాకిన ప్రతిచోటా ఎరుపు మెల్లగా పైకి వచ్చింది. అమ్మ దాన్ని మళ్లీ కాలవలో ముంచి తీసి, నీళ్ల వైపు చూసింది. నీళ్లు తేటగానే ఉన్నాయి. "ఇదీ మన ఎరుపు" అంది.

ఇక ప్రయాణం మిగిలింది. దివిసీమకి రైలు లేదు. పందిరి కొలతలు తీసుకురావాలంటూ నాన్న వారం ముందే ఒకసారి వెళ్లొచ్చాడు. తెర కొలత నలభై ఏళ్లుగా మారలేదని అందరికీ తెలుసు. నవమి రోజు బస్సులో బయల్దేరితే, చల్లపల్లిలో ఎందుకో దిగమన్నాడు. తెలిసిన బట్టల కొట్టు, దాని వెనక శుభ్రమైన దొడ్డి. ఆయన కొలతలు ఏమిటో అప్పుడు అర్థమైంది.

కల్యాణం పందిట్లో మాకు ముందు వరసలో చోటు ఇవ్వబోతే నాన్న వద్దని, నన్ను పందిరి చివర కూర్చోబెట్టాడు. ఎదురుగా చేపలమ్మే ఒకావిడ ఇల్లు. ఆ వీధిలో మరుగుదొడ్డి ఉన్న ఇల్లు అదొక్కటే. ఇద్దరు పంతుళ్లు తెర విప్పి పట్టుకున్నారు. ఆ చివర నుంచి కూడా తొందరపడ్డ నా చిలక నాకు కనపడింది. సీతమ్మ ఒకవైపు, రాముడు ఒకవైపు, మధ్యలో నా ఎరుపు. ముహూర్తం దగ్గరపడి సన్నాయి ఊపందుకుంది. సరిగ్గా అప్పుడే నా కడుపు కదిలింది.

పన్నెండేళ్లుగా ఎదురుచూసిన క్షణం. లేచి పరుగెత్తాను.

ఆ ఇంటావిడ ఏమీ అడగలేదు. బిందెడు నీళ్లు తెచ్చి తలుపు ముందు పెట్టింది. "మీ నాన్నగారు చెప్పారులే అమ్మాయీ" అని మాత్రం అంది. తలుపు వేసుకున్నానో లేదో, బయట డోళ్లు ఒక్కసారిగా మోగాయి. సన్నాయి, గంటలు, జనం గోవింద కొట్టడం. తెర దించేశారు. సీతమ్మ రాముణ్ణి చూసేసింది. నేను చూడలేదు. ఏడుపు వస్తుందనుకున్నాను, నవ్వు వచ్చింది. నా తెర ఉన్నది దించడానికే కదా. అక్కడే, ఆ రేకుల గదిలోనే కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాను. అలాంటి చోట దణ్ణం పెట్టకూడదంటారు. ఆ రోజు ఆయనకి నేనున్న చోటు తెలియకపోలేదు.

డోళ్లు విని ఆదరాబాదరాగా తలుపు తీయబోతుంటే బయట నుంచి ఆవిడ గొంతు వినపడింది.

"మెల్లిగా కానీయమ్మా. తలంబ్రాలు ఇంకా ఉన్నాయి. సీతమ్మ ఎక్కడికీ పోదు."